దీర్ఘకాలపు మెడనొప్పి – వ్యాయామ సాధనము

సేద్యగానికి గల పనిముట్లలో మొదటిది వాని శరీరము. కఱ్ఱు అరిగినచో కమ్మరి సాగగొట్టి యిచ్చును. మోటారు చెడినచో బాగుచేయువారు దొరకుదురు. శరీరము మూలబడినచో నాటువేళయు కోతవేళయు దాటిపోవును, కూలిఖర్చు పెరుగును, పంటకొఱకు సంఘమునుండి తీసికొన్న ఋణము వైద్యమునకు కరగిపోవును. అట్లు మనుష్యుని మూలకు త్రోయు బాధలలో మెడనొప్పి యొకటి. సాధారణముగా ఇది ప్రాణము తీయునది కాదు గనుక దీనిని లెక్కచేయువారు తక్కువ. కాని నెలలతరబడి నిలిచి నిద్రను చెఱచును, చేతిపనిని మందగింపజేయును. మూడు మాసములకు మించి యుండు నొప్పిని వైద్యులు దీర్ఘకాలపు నొప్పి యందురు. ఈ వ్యాసమున మేము విన్నవింపబోవునది అట్టి నొప్పిని గూర్చియే.

మన గ్రామములలో దీనికి జరుగుచున్న చికిత్స లెట్టివన: కొన్నాళ్లు పని మాని పండుకొనుట, మెడకు పట్టీ వేసికొనుట, నొప్పిబిళ్లలు మ్రింగుట, తైలము మర్దించుట, క్షౌరశాలలో మెడ విఱిపించుకొనుట. వీనిలో కొన్ని ఆ పూటకు హాయి నిచ్చును. పిమ్మట నొప్పి మరల వచ్చును. కారణ మేమనగా, వీనిలో నేదియు మెడకు బలము నీయజాలదు. దీర్ఘకాలపు మెడనొప్పికి కావలసినది విశ్రాంతి కాదు. కొలతగా ఇచ్చి, క్రమముగా పెంచు పని. దీనినే వ్యాయామ చికిత్స యందురు.

రోజంతయు పాటుపడువారికి వ్యాయామ మెందులకు?

ఈ మాట విన్నతోడనే సభ్యులలో పలువురు నవ్వవచ్చును. "తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువఱకు ఒడలు విఱుచుకొను మాకు వ్యాయామమా? అది పట్టణములలో కుర్చీలపై కూర్చుండువారికి గదా" యని యడుగవచ్చును. ఈ ఆక్షేపణ సహేతుకమైనది. దీనికి సమాధానము చెప్పక ముందునకు పోరాదు.

మన తల బరువు సుమారు 5 కిలోలు. దానిని మోయుచున్నవి ఒకదానిపై నొకటి పేర్చిన 7 చిన్న ఎముకలు. ఈ దొంతర తనంతట నిలువజాలదు. పందిరిరాటకు నాలుగు వైపుల బిగించిన త్రాళ్లవలె కండరములు దానిని నిలుపుచున్నవి. ఈ కండరములు రెండు తెగలు. ఎముకల నంటిపెట్టుకొని లోపల నుండునవి చిన్నవి. మెడను నిలకడగా నుంచుట వాని పని. పైకి కనబడునవి పెద్దవి; తలను త్రిప్పుట, బలముతో వంచుట వాని పని. చాలకాలము మెడనొప్పితో నున్నవారిలో లోపలి కండరములు తఱచుగా మందగించును. అప్పుడు వాని పనిని కూడ పైకండరములే చేయవలసి వచ్చును. ఇద్దఱు చేయవలసిన పనిని ఒక్కడు చేసినచో ఏమగునో ఇచ్చటను అదియే జరుగును. అవి త్వరగా అలసి, బిగుసుకొని, నొప్పి పెట్టును.

ఇక మన పనులను చూడుడు. నాట్లు వేయు స్త్రీ నడుము వంచి, తల ముందునకు వ్రేలవేసి, గంటలకొలది అదే తీరున నుండును. కలుపు తీయువారును, వంగి పత్తి తీయువారును అట్లే. మందు కొట్టువాని వీపున 16 లీటర్ల తొట్టి యుండును. అందలి నీటి బరువే 16 కిలోలు. దాని పట్టెలు భుజములను క్రిందికి లాగుచుండ, అతడు మెడను ముందునకు చాచి నడచును. గడ్డిమోపు నెత్తిపై పెట్టుకొన్నవారు మెడను బిగబట్టి నడతురు. సాయంకాలము ఇల్లు చేరిన పిమ్మట సెల్‌ఫోనును ఒడిలో నుంచుకొని మరల తల వంచియే చూతుము.

ఈ పనులలో మెడ అలయును గాని, కావలసినట్లు బలపడదు. ఏలయన, ఇది ఒకే దిక్కునకు, ఒకే తీరున, అలసట వచ్చిన పిమ్మట కూడ ఆపక జరుగు పని. వ్యాయామము వేఱు. అందు పని కొంచెము. కాని అది అన్ని దిక్కులకును జరుగును. అలసట తెలియగనే ఆపుదుము. తేఱుకొన్న పిమ్మట మరల చేయుదుము. వారము వారమునకు కొంచెము పెంచుదుము.

కోడెలను మరపువారు ఈ భేదమును బాగుగా నెఱుగుదురు. మొదటి దినముననే కోడెను రేగడిచేలో నాగలికి కట్టినచో దాని మెడ పుండగును. ఆ పిమ్మట అది కాడిని చూచినంతనే బెదరును. అట్లని కొట్టములోనే కట్టి మేపినచో అది యెన్నటికిని సేద్యపుటెద్దు కాదు. మొదట వట్టి కాడి, కొన్నాళ్లకు తేలిక దుంగ, తుదకు నాగలి. నొప్పిపడిన మెడకును ఇదియే క్రమము.

ఫిన్లండు దేశపు పరీక్ష

దీనికి నిదర్శన మేది యని రైతు అడుగుట న్యాయమే. క్రొత్త వంగడము మంచిదని మేము నోటితో చెప్పిన మీరు నమ్మరు. ప్రక్కప్రక్క మడులలో పెంచి చూపుమందురు. వైద్యశాస్త్రమునను ఇదే పద్ధతి కలదు. ఫిన్లండు దేశమున యారి యులినెన్ అను వైద్యుడును ఆయన సహచరులును జరిపిన అట్టి పరీక్ష 2003వ సంవత్సరమున అమెరికా వైద్యసంఘపు పత్రికలో ప్రకటింపబడినది. చాలకాలముగా మెడనొప్పితో బాధపడుచు కచేరీలలో పనిచేయుచున్న 180 మంది స్త్రీలను తీసికొని, చీట్లు వేసినట్లు పంచి, 60 మంది చొప్పున మూడు గుంపులు చేసిరి. వీనిని మూడు మడు లనుకొనుడు.

మొదటి గుంపువారు బలసాధనము చేసిరి. రబ్బరుపట్టీని తలకు తగిలించుకొని దాని లాగుడునకు ఎదురునిలిచి మెడకు గట్టి పని నిచ్చిరి. రెండవ గుంపువారు ఓర్పుసాధనము చేసిరి. పండుకొని తలను పలుమారు లెత్తి దింపిరి. ఈ రెండు గుంపులవారును భుజములకు, చేతులకు బరువులెత్తు పనియు చేసిరి. మూడవ గుంపువారికి ఒడలు సాగదీయు వ్యాయామములను, నడక మొదలగువానిని మాత్రము చేయుమని చెప్పిరి. మొదటి రెండు గుంపులవారు 12 దినములు శిక్షణస్థలమున నేర్చుకొని, పిమ్మట ఇంటియొద్దనే వారమునకు 3 సారులు సాధన చేయవలెనని యేర్పాటు.

సంవత్సరము గడచిన పిమ్మట లెక్క చూచిరి. నొప్పి చాలవఱకు గాని పూర్తిగా గాని పోయినదని చెప్పినవారు బలసాధనము చేసినవారిలో నూటికి 73 మంది. ఓర్పుసాధనము చేసినవారిలో 59 మంది. సాగదీయు వ్యాయామములు మాత్రమే చెప్పబడినవారిలో 21 మంది.

ఈ లెక్కనుండి మనము నేర్చుకొనవలసినవి మూడు కలవు. మొదటిది, సాగదీయుట మాత్రము చాలదు. మెడకు బలము నిచ్చు పని కావలెను. రెండవది, ఎరువు వేయని మడిలోను కొంత పంట పండును. మూడవ గుంపులో నూటికి 21 మందికి మేలు గలిగినట్లే, ఏ చికిత్స చేసినను, ఏమియు చేయకున్నను కొందఱికి నెమ్మదించును. కావున పొరుగువాడు ఫలాని తైలమువలన బాగుపడితి ననినంతమాత్రమున ఆ తైలమే కారణమని నిశ్చయింపరాదు. మూడవది, ఇది ఒక సంవత్సరపు పంట. విత్తిన వారమునకే చేను కోయబోవువాడు ఎట్టివాడో, పది దినములు చేసి ఫలము లేదని మానువాడును అట్టివాడే.

ఇంకొక మాటయు దాచరాదు. పరీక్షింపబడినవారు కూర్చుండి పనిచేయు స్త్రీలే గాని నాట్లు వేయువారు కారు. మఱియు 73 అనగా నూఱు కాదు. సాధన చేసినవారిలోను కొందఱికి నొప్పి మిగిలినది. అయినను ఖర్చు లేనిదియు, ఇంట చేసికొనదగినదియు నగు ఉపాయమునకు ఇంత ఫలముండుట సామాన్యము కాదు.

సమయము చాలదనువారికి డెన్మార్కు దేశమున జరిగి 2011వ సంవత్సరమున ప్రకటింపబడిన పరీక్ష సమాధానము చెప్పును. మెడయు భుజములును తఱచు నొప్పిపెట్టు 198 మందిలో కొందఱు రబ్బరుపట్టీతో దినమునకు 2 నిమిషములు, కొందఱు 12 నిమిషములు, వారమునకు 5 దినముల చొప్పున 10 వారములు సాధన చేసిరి. సాధన చేయనివారితో పోల్చినపుడు ఈ రెండు తెగలవారికిని నొప్పి తగ్గినది. రెండు నిమిషములు దొరకని రైతు ఉండడు.

సాధన క్రమము

ఈ క్రింది క్రమము సాధారణపు మెడనొప్పి గలవారికి. ముందుగా దిగువ చెప్పబోవు ప్రమాదచిహ్నములను చదివి, అవి లేవని నిశ్చయించుకొని మొదలుపెట్టవలెను. నేలపై చాప పఱచుకొనవలెను. వదులైన నులకమంచము దీనికి పనికిరాదు.

1. లోకండరముల సాధన: వెల్లకిల పండుకొని, తలక్రింద పలుచగా మడిచిన తువ్వాలు నుంచుకొనవలెను. తలను పైకెత్తక, 'ఔను' అన్నట్లు గడ్డమును మెల్లగా గొంతువైపునకు దింపవలెను. మెడ వెనుకభాగము నిడుపైనట్లు తోచును. అట్లే 10 లెక్కపెట్టువఱకు నిలిపి వదలవలెను. ఇట్లు 10 సారులు. వ్రేళ్లతో గొంతునకు ఇరుప్రక్కల తాకి చూచినచో పైకండరములు మెత్తగా నుండవలెను. అవి త్రాళ్లవలె బిగిసినచో బలము ఎక్కువ పెట్టుచున్నామని అర్థము. ఇది చూచుటకు స్వల్పము, చేయుటకు కష్టము. తక్కినవాని కన్నింటికి పునాది.

2. ఱెక్కల సాధన: నిటారుగా కూర్చుండి, రెండు భుజముల ఱెక్కలను వెనుకకు, కొంచెము క్రిందికి దగ్గఱగా చేర్చి, 5 లెక్కపెట్టి వదలవలెను. 10 సారులు.

3. అరచేతి సాధన: అరచేతిని నుదుట నుంచి, తలతో చేతిని, చేతితో తలను నెట్టవలెను. తల కదలరాదు. మొదట బలములో నాలుగవవంతు మాత్రమే పెట్టవలెను. 5 లెక్కపెట్టి వదలవలెను. తల వెనుకను, కుడి ప్రక్కను, ఎడమ ప్రక్కను ఇట్లే. ఒక్కొక్క దిక్కునకు 5 సారులు. ఊపిరి బిగబట్టరాదు.

4. బరువుల సాధన: లీటరు నీరు పట్టు సీసాలు రెండు నింపి, చేతికొకటి పట్టుకొని నిలువవలెను. చేతులను రెండు ప్రక్కలకు భుజముల యెత్తువఱకు మెల్లగా లేపి దింపవలెను. పిమ్మట చేతులు వ్రేలవేసి, భుజములను చెవులవైపున కెత్తి దింపవలెను. ఒక్కొక్కటి 10 సారులు. ఒక లీటరు బరువైనచో సగము నీటితో మొదలుపెట్టవలెను.

5. రబ్బరు సాధన: పై నాలుగును మూడు నాలుగు వారములు బాధ లేక చేయగలిగిన పిమ్మట దీనిని చేర్చవలెను. పాత సైకిలు ట్యూబును గట్టి స్తంభమునకు, కూర్చుండినవాని తల యెత్తున కట్టవలెను. స్తంభమునకు వీపు పెట్టి పీటపై కూర్చుండి, మడిచిన తువ్వాలును అడ్డముంచి ట్యూబును నుదుటికి తగిలించుకొనవలెను. మెడను కదల్పక, నడుమునుండి శరీరమును ముందునకు వంచి మరల వెనుకకు రావలెను. ఫిన్లండులో ముందునకు, ముందునకే కుడి మూలకు, ఎడమ మూలకు, వెనుకకు ఒక్కొక్క దిక్కునకు 15 సారులు చేసిరి. మనము 5 సారులతో మొదలుపెట్టి 15కు పెంచవచ్చును. ట్యూబు బీటలు వాఱియున్నదేమో ప్రతిసారి చూడవలెను. తెగి కన్నునకు తగులవచ్చును. అది నుదుట గాని తల వెనుక గాని యుండవలెనే గాని మెడకు ఎన్నడును చుట్టరాదు.

వారమునకు 3 దినములు తప్పక చేయవలెను. మొదటి రెండింటిని ప్రతిదినము చేయవచ్చును. పెంచుటకు నియమ మేమనగా, చేసిన నాటి కొద్దిపాటి సలుపు మఱునాటి ఉదయమునకు తగ్గినచో సరియైన కొలత. తరువాతి వారము రెండుసారులు పెంచవచ్చును. మఱునాడు నొప్పి మునుపటికంటె హెచ్చినచో సగమునకు తగ్గించవలెను గాని మానరాదు. నాట్లు, కోతల దినములలో మొదటి రెండింటినైన విడువరాదు.

ఎముకలు అరిగినవను భయము

ఎక్స్‌రే తీసి "మెడ ఎముకలు అరిగినవి" అని చెప్పగనే చాలమంది మెడ కదల్పుటకే జంకుదురు. అరిగినది మరల పెరుగునా, వ్యాయామమువలన ఇంకను అరుగునేమో యని వారి భయము. ఈ భయము నొప్పికంటె ఎక్కువ చెఱుపు చేయుచున్నది. జపాను దేశమున మెడబాధ యేమియు లేని 1,211 మందిని స్కానింగు చేసి చూడగా, వారిలో నూటికి 87 మందికి పైగా ఎముకలనడుమ నుండు బిళ్లలు కొంత ఉబ్బి యుండెను. ఈ సంగతి 2015వ సంవత్సరమున ప్రకటింపబడినది. కావున అరుగుదల యనునది తల నెఱసినట్లు వయస్సుతో వచ్చు మార్పు. నొప్పికి అదియే కారణమని ప్రతిసారియు చెప్పజాలము. వైద్యుడు అవసరమనని స్కానింగునకై అప్పు చేయుట మంచిది కాదు.

ప్రమాదచిహ్నములు

కొన్ని చిహ్నము లుండినచో వ్యాయామము మొదలుపెట్టక వెంటనే ఆసుపత్రికి పోవలెను. చెట్టుపైనుండి, బండిపైనుండి పడిన పిమ్మట వచ్చిన నొప్పి. చేయి మొద్దుబాఱుట, కొడవలి పట్టు సడలుట, చొక్కా బొత్తాములు పెట్టలేకపోవుట. నడకలో తూలుట, మూత్రము అదుపు తప్పుట. జ్వరముతో మెడ బిగుసుట. కారణము లేక చిక్కిపోవుట, రాత్రులు విడువని నొప్పి. హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన నొప్పితో తల తిరుగుట, మాట తడబడుట, వస్తువులు రెండుగా కనబడుట. ఱొమ్మునొప్పియు చెమటయు కలిగి, నొప్పి మెడకును చేతికిని ప్రాకినచో అది గుండెజబ్బు కావచ్చును. ఒక్క నిమిషమైనను ఆలస్యము చేయరాదు.

క్షౌరశాలలో మెడను చటుక్కున త్రిప్పి విఱిపించుకొను అలవాటును మానవలెను. మెదడునకు రక్తము కొనిపోవు నాళములు మెడ ఎముకల రంధ్రములగుండ పోవుచున్నవి. ఆకస్మికముగా త్రిప్పుటవలన అరుదుగానైనను ఆ నాళము చిరిగి పక్షవాతము వచ్చును. క్షణపు హాయికొఱకు అంత అపాయమును కొనితెచ్చుకొనుట వివేకము కాదు.

పనిలో చేసికొనదగిన మార్పులు

సాధనతోపాటు మెడపై భారమును కొంత తగ్గింపవచ్చును. మందుతొట్టిని నిండుగా గాక 10 లీటర్లకే నింపుకొని, రెండు పట్టెలను సమముగా బిగించుకొనవలెను. పెద్దమోపు నొకటి చేయుటకంటె చిన్నమోపులు రెండు చేసి రెండు మారులు తెచ్చుకొనుట మేలు. నాట్లలోను కలుపులోను అరగంటకొకసారి నిలువబడి, ఱొమ్ము విఱిచి, తలను మెల్లగా కుడియెడమలకు త్రిప్పవలెను. సెల్‌ఫోనును కన్నుల యెత్తున పట్టుకొనవలెను.

సంఘములు చేయదగినది

ఒంటరిగా మొదలుపెట్టిన సాధనము త్వరలో మూలబడును. నలుగురు కూడినచో నిలుచును. సహకార మనగా నదియే గదా. సంఘపు కార్యాలయమున గాని గిడ్డంగి అరుగుపై గాని వారమునకు మూడు సాయంకాలములు కూడి పావుగంట సాధన చేయవచ్చును. ఫిజియోథెరపిస్టు గల ఆసుపత్రినుండి ఒకరిని మొదటి రెండు మూడు దినములు పిలిపించి క్రమమును సరిగా నేర్చుకొనుట మంచిది. ఎరువుల లెక్క వ్రాసినట్లే యొక చిన్న పుస్తకమున తేది, చేసిన సంఖ్య, ఆనాటి నొప్పి సున్న మొదలు పదివఱకు ఎంతయో వ్రాసికొనవలెను. మూడు మాసముల పిమ్మట ఆ పుస్తకమే నిజము చెప్పును. అప్పటికి ఏమాత్రము తగ్గుదల లేనిచో దానిని తీసికొని వైద్యునియొద్దకు పోవలెను.

కడపట సభ్యులకు ఒక్క మనవి. ఫిన్లండులో పరీక్షింపబడిన 180 మందియు స్త్రీలే. మన యిండ్లలోను పొలమున వంగునది, మోపు మోయునది, ఇల్లు చేరి పొయ్యియొద్ద మరల తల వంచునది స్త్రీయే. పురుషునకు మెడ నొచ్చిన ఆసుపత్రికి బండి కట్టుదుము. ఆమెకు నొచ్చిన "పనిచేసినవారికి నొప్పులు రావా" యందుము. సంఘమున జరుగు సాధనకు ఆమెయు రావలెను. రాజాలనిచో ఇంట చాప పఱచి, ఆ పావుగంట సేపు బిడ్డలను, పొయ్యిని తాము చూచుకొని, ఆమెకు తీరిక కలుగజేయుట ఇంటి పురుషుల విధి. ఈ నెలనుండియే ప్రతి సంఘమునను ఈ సాధనము ప్రారంభమగును గాక.